గెట్టుకు అటూ ఇటూ: చెరువు మట్టి మీద ఒక డిగ్రీ ప్రాజెక్టు కేస్ స్టడీ

డిగ్రీ చివరి ఏడాది విద్యార్థుల ప్రాజెక్టులకు గైడ్‌గా ఉండటం నా పనిలో భాగం. భౌతిక భూగోళశాస్త్రంలో ప్రాజెక్టు చేస్తామని ఏటా కొందరు నా దగ్గరికి వస్తారు. వాటిలో ఒకదాన్ని ఇక్కడ మొదటి నుంచి చివరిదాకా రాస్తున్నాను. ప్లాన్ వేసేటప్పుడు మేం రెండు తప్పులు చేశాం. మొదటిది ఒక్క రోజులోనే బయటపడింది. రెండోది మూడు వారాంతాలు తినేసింది. ఆ రెండో తప్పుతోనే వైవా దాకా వెళ్లిపోయే ప్రాజెక్టులు చాలా చూశాను, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. విద్యార్థిని ఒప్పుకున్నాకే రాశాను. ఊరి పేరు, కాలేజీ పేరు, సంవత్సరం, రైతుల వివరాలు వదిలేశాను.

నేపథ్యం

తెలంగాణలో ఎర్ర చెల్క నేలలున్న ఊరు. గ్రానైటు, నైస్ రాళ్లు శిథిలమై ఏర్పడిన నేల అది. ఇసుక ఎక్కువ, బంక తక్కువ. వాన పడితే గబగబా ఇంకిపోతుంది, నాలుగు రోజులు ఎండ కాస్తే పైరు వాడిపోతుంది. ఆ ఊరి చెరువులో మిషన్ కాకతీయ కింద పూడిక తీశారు. 2015లో మొదలైన ఆ పథకంలో మట్టి తవ్వి ట్రాక్టర్లోకి ఎత్తడం ప్రభుత్వం ఖర్చు, చేనుకు తోలుకోవడం రైతు ఖర్చు. ఈ ప్రాజెక్టు చేసిన అమ్మాయి తండ్రి కూడా తోలుకున్నాడు. రోజూ ఊరి నుంచి బస్సులో కాలేజీకి వచ్చే పిల్ల. ప్రాజెక్టుకు ఉన్నది ఆరో సెమిస్టర్ ఒక్కటే. పరీక్షలు, సెలవులు, పెళ్లిళ్లు తీసేస్తే చేతికి పది, పన్నెండు వారాంతాలు మిగులుతాయి.

ఆమె మొదట తెచ్చిన టైటిల్ ‘మిషన్ కాకతీయ వల్ల భూగర్భజలాలు పెరిగాయా?’ అని. ప్రశ్న మంచిదే, ఆ సెమిస్టర్లో తేలేది మాత్రం కాదు. పూడిక తీయకముందు ఆ చెరువు కింది బావుల్లో నీటిమట్టం ఎంతుండేదో రాసిపెట్టినవాళ్లు లేరు. ఆ తర్వాత వానలు ఒక ఏడాది ఉన్నట్టు ఇంకో ఏడాది లేవు, కొత్త బోర్లు పడ్డాయి, మోటార్లకు కరెంటు ఇచ్చే గంటలు మారాయి. ఇవన్నీ కలిసి నీటిమట్టాన్ని పైకీ కిందికీ లాగుతుంటే అందులో పూడికతీత వాటా ఎంతో విడదీయడం పెద్ద పరిశోధకులకే కష్టం.

టైటిల్ కొట్టేసి పంపించడం తేలిక. నేను అలా చేయను. విద్యార్థి తెచ్చిన పెద్ద ప్రశ్న కింద ఎక్కడో తను కళ్లతో చూసిన చిన్న సంగతి ఒకటి ఉంటుంది. దాన్ని బయటికి రాబట్టడమే మొదటి రెండు వారాల పని. “ఈ టైటిల్ నీకెట్లా తట్టింది?” అని అడిగాను. కాసేపు ఆలోచించి చెప్పింది: “మేడం, మా నాయిన చేన్ల చెరువు మట్టి పోయించిండు. అంతకుముందు ఎంత వాన పడ్డా గుంజుకునేది. ఇప్పుడు సాళ్లల్ల నీళ్లు నిలుస్తున్నయి. పక్క చేన్ల నిలుస్తలేవు.”

ప్రాజెక్టు ఆ నాలుగు మాటల్లో ఉంది. చెరువు మట్టి వేసిన చెల్కలో నీరు ఇంకే వేగం తగ్గుతుందా? ఇది కొలవగలిగేది, ఊర్లోనే జరిగేది, నేలల భూగోళానికీ జలవిజ్ఞానానికీ నేరుగా చెందినది. ఏ దిశలో మార్పు వస్తుందని అనుకుంటున్నావో ముందే కాగితం మీద రాసి తేదీ వేయమన్నాను. “మట్టి వేసిన చేలల్లో నెమ్మదిగా ఇంకుతుంది, కారణం బంక శాతం పెరగడం” అని రాసింది. ఆ కాగితం తర్వాత ఎంత అక్కరకొచ్చిందో కింద చెబుతాను.

మొదటి ప్లాన్: పెద్ద రింగులు

పాఠ్యపుస్తకంలో ఉన్న పద్ధతి జంట రింగులది. లోపలి రింగు వ్యాసం 30 సెంటీమీటర్లు, బయటిది 60. రెండింటిలో నీళ్లు పోసి లోపలి దానిలో మట్టం ఎంత వేగంగా పడుతుందో చూస్తారు. బయటి రింగులో నీళ్లు పక్కలకు ఇంకుతుంటాయి కాబట్టి లోపలి నీళ్లు దాదాపు నిట్టనిలువుగా కిందికి దిగుతాయి. తెలిసిన కాలేజీ నుంచి రింగులు అరువు తెచ్చాం. పుస్తకంలో ఉన్న పద్ధతే కదా అని ప్లాన్ మీద సంతకం పెట్టేశాను. ఒక్క చోటైనా చేసి చూడకుండా సంతకం పెట్టడం నా తప్పు.

ఒక శనివారం వాళ్ల చేనుకు వెళ్లాం. ఎండిన చెల్క రాయిలా ఉంది. చెక్క అడ్డం పెట్టి సమ్మెటతో కొడితే రింగు దిగేలోపు నేల పగిలింది. ఆ పగులు వెంబడి నీళ్లు బయటికి కారాయి. ఇంకోచోట ఎలాగో దించాం. అక్కడ నీళ్ల లెక్క ఎదురైంది. 60 సెంటీమీటర్ల రింగులో ఒక్క సెంటీమీటరు మట్టానికి దాదాపు 2.8 లీటర్లు కావాలి. పది సెంటీమీటర్లు నింపడానికే 28 లీటర్లు. చెల్క తాగుతున్న కొద్దీ పోస్తూనే ఉండాలి. తెచ్చుకున్న రెండు డ్రమ్ములు ఒక పాయింటు పూర్తయి రెండోది సగంలో ఉండగా అయిపోయాయి. బోరు చేను అవతల ఉంది. మధ్యాహ్నం ఒంటిగంటకు గట్టు మీద కూర్చుని లెక్క వేసుకున్నాం: ఈ లెక్కన సెమిస్టర్ మొత్తం చేసినా పదిహేను పాయింట్లు దాటవు.

ఆ రోజు చేతికి వచ్చిన రీడింగు ఒక్కటే, అదీ పనికొచ్చేది కాదు. అయినా ఈ ప్రాజెక్టులో అంత ఉపయోగపడిన రోజు ఇంకోటి లేదు.

చిన్న రింగుకు ఎందుకు మారాం

వాళ్ల ఇంటి వెనకాల బోరు వేసినప్పుడు మిగిలిన కేసింగ్ పైపు ముక్క పడి ఉంది. లోపలి వ్యాసం సుమారు 15 సెంటీమీటర్లు. దాన్ని నాలుగు ముక్కలు కోయించి, ఒక అంచును ఆకురాయితో పదును పెట్టించింది. ఇందులో పది సెంటీమీటర్ల నీళ్లంటే 1.8 లీటర్లే. పెద్ద కూల్‌డ్రింక్ సీసా ఒకటి చాలు.

అయితే చిన్న ఒంటరి రింగుకు ఒక లోపముంది. నీళ్లు పక్కలకు కూడా పీల్చుకుపోతాయి, అసలు వేగం కంటే ఎక్కువ చూపిస్తుంది. ఈ లోపంతో ముందుకు పోవచ్చా అని ఇద్దరం చాలాసేపు వాదించుకున్నాం. మాకు కావాల్సింది అసలు వేగం గంటకు ఎన్ని మిల్లీమీటర్లు అని కాదు, రెండు రకాల చేలకు మధ్య తేడా. లోపం రెండువైపులా ఉంటుంది. అందులోనూ బంక ఎక్కువున్న నేలే పక్కలకు ఎక్కువ పీలుస్తుంది. అంటే చెరువు మట్టి వేసిన చేనులోనే వేగం ఎక్కువగా కనపడేలా ఈ పరికరం తప్పు చూపిస్తుంది, అంటే మా ఊహకు ఎదురుగా. అలాంటి పరికరంతో కూడా మట్టి వేసిన చేను నెమ్మదిగా ఇంకినట్టు కనపడితే ఆ తేడాను నమ్మవచ్చు. అదే తప్పు మా ఊహకు అనుకూలంగా ఉండి ఉంటే ఆ పైపులు వాడనిచ్చేదాన్ని కాదు. పోలికగా మాత్రమే చెప్పాలి, వేగాన్ని సొంత అంకెగా ఎక్కడా రాయకూడదని షరతు పెట్టుకున్నాం.

వాడే తీరు కూడా కుదుర్చుకున్నాం. రింగు దించే చోట ముందు చెంబెడు నీళ్లు చల్లి పదును చేస్తే నేల పగలదు. ఐదు సెంటీమీటర్లు దించాక లోపల ప్లాస్టిక్ కవర్ పరిచి, దాని మీద నీళ్లు పోసి, కవర్ మెల్లగా లాగేస్తుంది. లేకపోతే నీళ్లు పడిన దెబ్బకు పై మట్టి కదిలి రంధ్రాలు పూడిపోతాయి. మొదట పోసిన నీళ్లు లెక్కలోకి రావు. ఎండిన నేల మొదట ఆబగా తాగుతుంది, ఆ వేగం నేల స్వభావం కంటే దాని దాహాన్నే చూపిస్తుంది. రెండోసారి పోసినప్పుడు స్కేలు పెట్టి, ఫోన్లో టైము చూసి రాసుకుంటుంది.

రెండో తప్పు

చిన్న రింగులతో పని పరుగెత్తింది. వాళ్ల చేనులో పన్నెండు చోట్ల, మట్టి వేయని పక్క చేనులో పన్నెండు చోట్ల కొలిచింది. మూడు వారాంతాల్లో ఇరవై నాలుగు రీడింగులు. ఒకే చేనులో పది అడుగుల దూరంలో ఒక రింగు నాలుగు నిమిషాల్లో సెంటీమీటరు తాగితే ఇంకోటి ఇరవై నిమిషాలు తీసుకుంది. చీమల పుట్టో, పాత వేరు కుళ్లిన సందో తగిలితే అంతే. అయినా సగటు తీస్తే తేడా స్పష్టంగా కనపడింది, అదీ తను రాసిన దిశలోనే. గ్రాఫు గీసుకుని సంబరంగా వచ్చింది. నేనూ సంబరపడ్డాను.

మర్నాడు ఆ గ్రాఫు మళ్లీ చూస్తుంటే ఒక ప్రశ్న వచ్చింది. పక్క చేను మొదటి నుంచీ ఇలాగే ఉండేదేమో? పిలిచి అడిగాను: “మట్టి వేయకముందు రెండు చేలూ ఒక్కతీరుగా ఉండేవా?” తనకు తెలియదు. “పక్క చేను ఈమధ్య దున్నారా?” దున్నారు, పది రోజుల కింద. ఈ అమ్మాయి వాళ్లది పత్తి తీసేసిన చేను, దున్నలేదు. దున్నిన నేల గుల్లగా ఉండి నీళ్లు తాగుతుంది. మాకు కనపడిన తేడా చెరువు మట్టిదా, నాగలిదా?

దానికంటే లోతైన తప్పు ఇంకోటుంది. మా దగ్గర ఇరవై నాలుగు రీడింగులున్నాయి కానీ చేలు రెండే. మేం చెప్పదలుచుకున్నది చెరువు మట్టి వేసిన చేల గురించి. మట్టి వేయడం అనేది జరిగింది చేనుకు, రింగు పెట్టిన పాయింటుకు కాదు. ఒక చేనులో పన్నెండుసార్లు కొలిస్తే ఆ ఒక్క చేను గురించి బాగా తెలుస్తుంది, అంతే. కాబట్టి మా లెక్కలో మట్టి వేసినది ఒకటి, వేయనిది ఒకటి. ఇరవై నాలుగు అని రాసుకుని టీ-టెస్ట్ (రెండు సగటుల మధ్య తేడా కాకతాళీయమా అని చూసే లెక్క) చేస్తే కంప్యూటర్ అభ్యంతరం చెప్పదు, చక్కగా జవాబిస్తుంది. ఆ జవాబు తప్పు. రీడింగుల సంఖ్య పెద్దది కదా అని ఈ తప్పు ఎవరి కంటా పడదు.

ఇది చెప్పేసరికి ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. సగం సెమిస్టర్ అయిపోయింది. రెండు దారులున్నాయి. ఉన్న రీడింగులతోనే రెండు చేల వర్ణనగా రాసి సమర్పించడం ఒకటి. అది తప్పేమీ కాదు, మార్కులూ వస్తాయి. లేదా పాయింట్లు తగ్గించి చేలు పెంచడం. నిర్ణయం తనకే వదిలేశాను, ఎందుకంటే ఎండలో తిరగాల్సింది తను. రెండు రోజుల తర్వాత ఊర్లో ఎవరెవరు మట్టి తోలుకున్నారో, ఎవరు తోలుకోలేదో పేర్లు రాసుకుని వచ్చింది.

గెట్టును ఎందుకు ఎంచుకున్నాం

జాబితాలోంచి అటు ఎనిమిది, ఇటు ఎనిమిది చేలు చీటీలు తీసి ఎంచుకుందామని తను అంది. మామూలుగా అయితే అదే సరైన పద్ధతి. కానీ ఊరి పటం ముందు పెట్టుకుని చూస్తే ఇబ్బంది తెలిసింది. చెల్క ఎత్తు మీద ఉంటుంది. కిందికి, చెరువు వైపు వస్తున్న కొద్దీ వాన నీళ్లు మోసుకొచ్చిన మెత్తటి మట్టి చేరి నేల బరువెక్కుతుంది. ఈ వాలు వెంట నేల మారడం మన ఊళ్లన్నింట్లో ఉండేదే. మరోవైపు, తోలడం ఖర్చు రైతుదే కాబట్టి చెరువుకు దగ్గరున్నవాళ్లే ఎక్కువగా మట్టి తోలుకున్నారు. అంటే మట్టి వేసిన చేలు చాలావరకు ముందే బరువు నేలలు. చీటీలు తీస్తే మేం కొలిచేది చెరువు మట్టినో, వాలునో తెలియకుండా పోతుంది.

అందుకని జతలుగా వెళ్లాం. గెట్టు అంటే రెండు చేల మధ్య హద్దు. ఒకే గెట్టుకు అటువైపు మట్టి వేసిన చేను, ఇటువైపు వేయని చేను. ఆ గెట్టు వాలుకు అడ్డంగా కాకుండా వాలు వెంబడి దిగేదై ఉండాలి, అప్పుడే రెండు చేలూ ఒకే ఎత్తులో పక్కపక్కన ఉంటాయి. రెండింట్లో పోయిన పంట ఒకటే అయి ఉండాలి. పంట తీశాక రెండూ దున్నకుండా ఉండాలి. ఈ షరతులన్నీ పెడితే ఎనిమిది గెట్లు మిగిలాయి. చేనుకు మూడు పాయింట్లు, గెట్టు నుంచి ఇరవై అడుగులు లోపలికి. గెట్టు పక్కన ట్రాక్టర్ తిరిగిన జాడ ఉంటుంది కాబట్టి ఆ దూరం.

నాలుగు రింగులతో ఒక జత ఒక పొద్దుటి పూటలో అయిపోతుంది. ఆరున్నరకు మొదలుపెట్టి పది లోపు ఇంటికి. మార్చి ఎండల్లో అంతకు మించి ఉండొద్దని, ఒంటరిగా వెళ్లొద్దని గట్టిగా చెప్పాను. తమ్ముడు తోడు వెళ్లాడు. ప్రతి రైతునూ ముందురోజు సాయంత్రం ఇంటికి వెళ్లి అడగాలి. ఒక వారం అకాల వాన పడి పని ఆగింది. తడి నేలలో తీసిన రీడింగును పొడి నేల రీడింగు పక్కన పెట్టలేం, అందుకని నేల ఆరేదాకా కూర్చున్నాం. ఆ వానకే ఎనిమిదో జతలో ఒక రైతు అరక కట్టేశాడు. ఏడు జతలు మిగిలాయి.

ఏం తేలింది

ప్రతి చేనుకు మూడు రీడింగుల్లో మధ్యదాన్ని తీసుకున్నాం. చీమల పుట్ట మీద పడిన ఒక్క రింగు సగటును లాగేస్తుంది, మధ్య విలువను అంతగా కదపలేదు. ఏడు జతల్లో ఆరింట మట్టి వేసిన చేనే నెమ్మదిగా ఇంకింది.

దీన్ని ఎంతవరకు నమ్మాలి? నాణెం లెక్క వేయించాను. చెరువు మట్టి వల్ల ఏ తేడా రాకపోతే, ప్రతి జతలో ఏ చేను నెమ్మదిగా ఇంకుతుందన్నది నాణెం ఎగరేసినట్టే. ఏడుసార్లు ఎగరేస్తే ఆరుసార్లు గానీ ఏడుసార్లు గానీ బొమ్మ పడే అవకాశం 128లో 8, అంటే పదహారింట ఒకటి. దిశను ముందే రాసి తేదీ వేసిన ఆ కాగితం లేకపోతే ఇలా ఒకవైపే లెక్కించే హక్కు మాకు ఉండేది కాదు. రెండువైపులా లెక్కిస్తే ఎనిమిదింట ఒకటి అవుతుంది. ఫలితం కాకతాళీయం కాదనడానికి మామూలుగా అడిగే ఇరవైలో ఒకటి గీతను ఎలా చూసినా దాటలేదు. రిపోర్టులో “తగ్గుతుందని నిరూపితమైంది” అని రాసుకొచ్చింది. కొట్టేయించాను. “చూసిన ఏడు జతల్లో ఆరింట తక్కువగా ఉంది, మరిన్ని చేలు చూస్తే తప్ప ఊరంతటికీ చెప్పలేం” అని మార్చింది. ఇరవై నాలుగు రీడింగుల గ్రాఫు ఇంతకంటే ఎంతో గట్టిగా కనపడేది. నాకు మాత్రం ఈ వాక్యం మీదే గౌరవం.

కారణం సంగతి ఇంకా తేలలేదు. మట్టి తోలిన ట్రాక్టర్ల బరువుకు నేల గట్టిపడి కూడా నీళ్లు నిలవవచ్చు. అప్పుడు బంక కథ తప్పవుతుంది. సమయం చాలక నాలుగు జతల్లో మాత్రం డబ్బాతో కొలత ప్రకారం మట్టి తీసి, కెమిస్ట్రీ ల్యాబు ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర ఒక రోజంతా ఎండబెట్టి తూకం వేసింది. అటూ ఇటూ సాంద్రతలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. ఏడు జతల మట్టినీ జల్లెడ పట్టి, మట్టి రేణువులను విడదీసే సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ కలిపిన నీళ్లలో వేసి సీసాల్లో కుదిపి పెట్టింది. ఇసుక నిమిషంలోపు అడుక్కు చేరుతుంది, ఒండ్రు రెండు మూడు గంటలు తీసుకుంటుంది, బంక మర్నాటికీ నీళ్లను మసకగానే ఉంచుతుంది. ఆరు జతల్లో మట్టి వేసిన వైపు సీసాలో ఇసుక పొర పలచగా ఉంది.

ఏడో జతలో లేదు. ఎదురు ఫలితం ఇచ్చింది కూడా ఆ జతే. రైతు దగ్గరికి వెళ్లి మట్టి ఎక్కడిదని అడిగింది. “మాది కట్ట కాడి మట్టి కాదు బిడ్డా, శిఖం పై మొఖాన, వాగు కలిసే కాడ తీసింది” అన్నాడు. శిఖం అంటే చెరువు లోపలి నేల. వాగు చెరువులో కలిసే చోట నీటి వేగం తగ్గి ముందు ఇసుక పడుతుంది. మెత్తటి మట్టి మాత్రం తేలుకుంటూ వెళ్లి కట్ట దగ్గర నిలుస్తుంది. క్లాసులో డెల్టా పాఠంలో చెప్పే సంగతే. అతని చేనులో పడింది చెరువు మట్టి పేరుతో వచ్చిన ఇసుక. అయితే ఇది ఫలితం చూశాక వెతుక్కున్న వివరణ, కాబట్టి చర్చ భాగంలో ‘కావచ్చు’ అనే మాటతోనే రాయించాను.

అప్పటి నుంచి నేను మార్చుకున్నవి

టైటిల్ ఖాయం చేయడానికి ముందే విద్యార్థి ఒక పూట ఫీల్డులో గడిపి, ఒక్క రీడింగైనా తీసి చూపించాలి. పరికరం పేరు, పద్ధతి పేరు రాసిన కాగితం చూసి సంతకం పెట్టడం మానేశాను.

రెండోది, “నీ లెక్కలో ఒకటి అంటే ఏది?” అని మొదటి రోజే అడుగుతాను. దీనికి జవాబు దొరికేదాకా ప్లాన్‌లో ఇంకేదీ మాట్లాడను. వాగులో ఒకే ఇసుకమేట మీద వంద గులకరాళ్లు కొలిస్తే రాళ్లు వందే గానీ మేట ఒకటి. ఒక కాలనీలో ముప్పై చోట్ల ఉష్ణోగ్రత తీసినా కాలనీ ఒకటే. చాలామంది విద్యార్థులకు ఇది మొదట అన్యాయంగా అనిపిస్తుంది, అంత కష్టపడి కొలిస్తే ఒకటేనా అని. అప్పుడు కాగితం మీద గెట్టు గీసి ఈ ఇరవై నాలుగు రీడింగుల కథ చెబుతాను.

కాలెండర్ కూడా ఇప్పుడు కాలేజీది ఒక్కటే ముందు పెట్టుకోను. పత్తి ఎప్పుడు తీస్తారు, అరక ఎప్పుడు కడతారు, చెరువు ఎప్పుడు ఎండుతుంది అన్నవి సెమిస్టర్ తేదీల పక్కన రాయిస్తాను. నేల మీద చేసే ప్రాజెక్టుకు అసలు గడువు రైతు చేతిలో ఉంటుంది.

రైతులు ఆ అమ్మాయిని ఒకటే అడిగారు: “మట్టి మంచిదా, చెడ్డదా?” నెమ్మదిగా ఇంకడం పైరుకు తేమ నిలిపితే మేలు, వాలు మీద నీళ్లు పారిపోతే నష్టం. మేం ఆ రెండూ కొలవలేదు. ఆ మాటే చెప్పి రమ్మన్నాను. ప్రతి రైతుకు తన చేను సీసా చూపించి, పొరలు ఏవేవో వివరించి వచ్చింది. ఇద్దరు ఆ సీసాలు ఇంట్లోనే ఉంచుకున్నారు.

నాలుగు పైపు ముక్కలు ఇప్పుడు మా డిపార్ట్‌మెంట్ బీరువాలో ఉన్నాయి, ఏడు గెట్లు గుర్తుపెట్టిన పటంతో పాటు. ఈసారి ఇంకో విద్యార్థి వాటిని అడిగాడు. కట్ట దగ్గర తీసిన మట్టి పడిన చేలు ఒక వైపు, శిఖం పై మొఖాన తీసినది పడిన చేలు ఇంకో వైపు పెట్టి చూస్తాడట. ఎవరి ట్రాక్టర్ ఎక్కడ నింపారో గుర్తున్న డ్రైవర్ల కోసం ముందుగా ఊర్లో వాకబు చేస్తున్నాడు.